చింతపండు కుండలో నల్లమందు

"అది పాత చింతపండురా," అన్నాను.

"చింతపండైతే కాస్త నోట్లో వేసుకుని చప్పరించు నాయనమ్మా, నేను చూస్తా," అన్నాడు శేషగిరి. అరచేతిలో ఆ నల్లటి ముద్ద పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"నాకే పరీక్ష పెడుతున్నావా?"

"పరీక్షలన్నీ నాకేగా పెట్టారు. రెండు నెలలుగా నా పెట్టె వెతికారు, పక్క దులిపారు, చొక్కా జేబులు తిరగేశారు. నీ కుండ ఎవరూ వెతకలా. ఇంట్లో మత్తు పదార్థం ఏదీ లేదని మొన్ననేగా కాయితం మీద సంతకం పెట్టావు?"

"నీ చదువు కోసం పెట్టాను."

"ఇదీ నా చదువు కోసమే దాచావా?"

"నీ కోసం కాదు. నా కోసం. ప్రాణం మీదికొస్తే ఉంటుందని."

"మరి నాది ప్రాణం కాదా," అన్నాడు.

వంటింటి గుమ్మంలో మా కోడలు రత్తమ్మ చేతిలో చింతపండు గిన్నెతో అలాగే నిలబడిపోయింది. సర్వధారి సంవత్సరం, మాఘమాసం, దీపాలు పెట్టే వేళ. మర్నాడు పొద్దున బస్సుకు శేషగిరి కాలేజీకి తిరిగి వెళ్లాలి. పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టి ఉంది. పెట్టె మీద రెండు కాయితాలు ఉన్నాయి. ఒకటి నందిగామ డాక్టరు గారు వీడికి జబ్బు నయమైందని రాసిచ్చింది. రెండోది నేను సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం సంగతి చివర చెబుతాను. ముందు జరిగింది తెలియకపోతే ఆ ముద్ద అక్కడికి ఎలా వచ్చిందో తెలియదు. నేను వీధిబడిలో రెండేళ్లు చదివాను. అక్షరాలు కూడబలుక్కుని రాస్తున్నాను. ఇప్పుడు విరోధి సంవత్సరం. నేను ఆ నల్లమందు మానేసి ఏడు నెలలైంది. నేనూ, శేషగిరీ ఇద్దరం బతికే ఉన్నాం. మా జగ్గయ్యపేటలో గూట్లో నల్లమందు బరిణె లేని ఇల్లు తక్కువ. ఎవరైనా ఇది చదివి తమ బరిణె వంక ఒకసారి చూసుకుంటే చాలు.

మా ఆయన పోయిన ఏడు నాకు మోకాళ్లు పట్టుకున్నాయి. పాతికేళ్ల పైమాట. పొలం, పాడి, నలుగురు జీతగాళ్లు, అన్నీ నా మీదే పడ్డాయి. కూర్చుంటే లేవలేని స్థితి. అప్పుడు మా మేనత్త నల్లమందు ఆవగింజంత తుంచి నాలిక కింద పెట్టించింది. సర్కారు లైసెన్సు కొట్టులో పట్టపగలు అమ్మే సరుకు. దొంగతనంగా తెచ్చుకునేది కాదు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక ఆవగింజ. కొన్నేళ్లకు అది మిరియమంత అయింది. ఆ తర్వాత అంతకు మించనివ్వలేదు. అదే నా గొప్ప అనుకునేదాన్ని. కల్లు తాగేవాళ్లను, చుట్ట కాల్చే ఆడవాళ్లను ఎదురుగానే తిట్టేదాన్ని. నాది మందు కదా అని నా ధీమా.

శేషగిరి నా మనవడు. ఒక్కగానొక్క కొడుకు కొడుకు. వాడికి ఆరేళ్లప్పుడు నా కొడుకు విషజ్వరంతో పోయాడు. అప్పటినుంచి వాణ్ణి పెంచింది నేనూ, మా కోడలూ. వాడు చంటివాడుగా ఉన్నప్పుడు రత్తమ్మ పొలం వెళితే ఏడవకుండా పడుకోవడానికి నా గోటి కొన మీద మందు రాసి వాడి నోటికి అద్దేదాన్ని. నా తల్లి నాకు అలాగే చేసింది. పిల్లలను పెంచడంలో అదొక పని, నీళ్లు పోసినట్టు, సాంబ్రాణి పొగ వేసినట్టు. అందులో తప్పుందని చెప్పినవాళ్లు లేరు. చెప్పినా నేను వినేదాన్ని కాదు.

వాడు బెజవాడలో కాలేజీలో చేరాడు. చదువు మధ్యస్థం. చెడుగుడులో మాత్రం దిట్ట. కూత పట్టాడంటే అవతలివాళ్లకు ఊపిరాడేది కాదని వాడి స్నేహితులు చెప్పేవాళ్లు. వాడి ఆట నేను ఒక్కసారీ చూడలేదు. చదువుకోమని పంపితే మట్టిలో దొర్లడమేమిటని విసుక్కునేదాన్ని. కాలేజీ జట్టులో వాడి పేరు పలకమీద రాశారని రత్తమ్మ మాత్రం నలుగురికీ చెప్పుకుని మురిసింది.

సర్వజిత్తు సంవత్సరం మాఘంలో కూతకు వెళ్లిన వాణ్ణి నలుగురు కలిసి మోకాలి దగ్గర పట్టి పడేశారు. మోకాలు కుండలా వాచింది. కట్టు కట్టి పంపితే ఇంటికి వచ్చి పది రోజులు ఉన్నాడు. నొప్పికి రాత్రుళ్లు మూలిగేవాడు. ఆ మూలుగు వినలేక నా బరిణె తీశాను. ఆవగింజంత పెట్టాను. హాయిగా నిద్రపోయాడు. మా రత్తమ్మ కళ్లు తుడుచుకుని, మీరు లేకపోతే ఏమయ్యేదో అత్తయ్యా అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను.

వాడు తిరిగి వెళ్లేటప్పుడు సున్నుండల డబ్బాలో చిన్న కాయితం పొట్లం కట్టి పెట్టాను. నొప్పి ఎక్కువైనప్పుడు మాత్రమే అని చెప్పాను. ఆ ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు భోజనమయ్యాక నేను బరిణె మూత తీయగానే వాడు వచ్చి పక్కన కూర్చునేవాడు. నాకొకటి, వాడికొకటి. తర్వాత ఇద్దరం వసారాలో పడుకుని ఆ మాటా ఈ మాటా చెప్పుకునేవాళ్లం. తండ్రి సంగతులు వాడు నన్ను అడిగింది అప్పుడే. నాకు ఎవరూ తోడు లేని పనికి ఒక తోడు దొరికినట్టుండేది. మోకాలు తగ్గిందా అని మాత్రం ఆ రెండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు.

కాలేజీ తెరిచాక ఉత్తరాలు మొదలయ్యాయి. ఆటల మాస్టారు ఆడమంటున్నారు, మోకాలు ఇంకా పట్టేస్తోంది, ఆవగింజ చాలడం లేదు. మిరియమంత ఉండలు చేసి పంపాను. కార్తీకంలో, మిరియం కూడా చాలడం లేదు నాయనమ్మా అని రాశాడు. ఊరగాయ జాడీ అడుగున కందిగింజంత ఉండలు చుట్టి పెట్టి, బెజవాడ వెళ్లేవాళ్ల చేత పంపాను. నా చేతులతో చుట్టాను. ఒకదానికొకటి తేడా రాకుండా, కొలతకు సరిగ్గా.

మార్గశిరం చివర ఒక మధ్యాహ్నం వీడు పెట్టె లేకుండా, ఒంటిమీది బట్టలతో ఇంటికి వచ్చాడు. ఏమిట్రా అంటే మంచమెక్కి ముసుగు పెట్టాడు. ముక్కు కారుతోంది, ఒళ్లంతా గగుర్పాటు, ఆవులింత మీద ఆవులింత. జలుబు జ్వరం అనుకుని రత్తమ్మ మిరియాల కషాయం కాచింది. రెండో రోజున వాడి స్నేహితుడు నరసింహం పెట్టె తీసుకుని వచ్చాడు. అసలు సంగతి అతను చెబితే తెలిసింది.

పందెం రోజున శేషగిరి తను ఒక ఉండ వేసుకుని, దెబ్బలు తగిలిన ఇంకో ఇద్దరు ఆటగాళ్లకూ ఇచ్చాడట. వాళ్లడిగారు, వీడు ఇచ్చాడు. అలవాటు లేని ఒకడు ఆట మధ్యలో వాంతి చేసుకుని కూలబడ్డాడు. బతికాడు. హాస్టలు పెట్టెలు వెతికారు. వీడి పెట్టెలో నేను పంపిన ఉండలు దొరికాయి. ఎక్కడివని ప్రిన్సిపాలు గారు అడిగితే బెజవాడ బజారులో కొన్నానన్నాడు. ఎవరిదగ్గరో చెబితే శిక్ష తగ్గుతుందన్నా చెప్పలేదట.

నరసింహం నడవడిక నియమాల పుస్తకం కూడా తెచ్చాడు. యూనివర్సిటీ వాళ్లది, ఇంగ్లీషులో ఉంది. అందులో మత్తు పదార్థాల సంగతి ఎక్కడుందో వేలు పెట్టి చూపించి తెలుగులో చెప్పాడు. హాస్టల్లో ఉంచుకోరాదు, వాడరాదు, ఇతరులకు ఇవ్వరాదు. తప్పినవాడు కాలేజీ తరఫున ఏ ఆటా ఆడరాదు.

"మోకాలు వాచినవాణ్ణి ఆడమని బలవంతపెట్టరాదని అందులో ఎక్కడైనా ఉందా నాయనా?" అని అడిగాను.

పాపం ఆ పిల్లవాడు చివరిదాకా పేజీలు తిప్పి చూశాడు. "లేదండి," అన్నాడు.

నేను ఆ మాట కాలేజీ మీద కోపంతో అడిగాను. నా తప్పు కాస్త పక్కకు జరుగుతుందేమోనని అడిగానని తర్వాత తెలిసింది.

ప్రిన్సిపాలు గారి ఉత్తరం కూడా అతనే తెచ్చాడు. వాడికి ఆట ఇక లేదు. చదువు మాత్రం ఉంటుంది, కానీ మాఘం దాటకముందే అలవాటు పూర్తిగా పోయిందని డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. ఇంట్లో మత్తు పదార్థం లేదని, ఉండదని పెంచినవాళ్లు సంతకం పెట్టి ఇవ్వాలి. రెండూ తెస్తే ఫాల్గుణంలో పరీక్షకు కూర్చోనిస్తారు. తేకపోతే పేరు కొట్టేసి, నడవడిక బాగాలేదని రాసి పంపేస్తారు. ఆ రాత ఉన్నవాణ్ణి ఇంకో కాలేజీ చేర్చుకోదు. కాలేజీ రిజిస్టరులో తండ్రి చోట నా పేరు ఉంది.

నరసింహం వెళ్లిపోయాక మా రత్తమ్మ, పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో నాకు ఎదురు చెప్పని మనిషి, చాటలోని బియ్యం పక్కన పెట్టి నా ముందుకు వచ్చింది.

"మీ చేత్తోనే వాడికి అలవాటు చేశారు అత్తయ్యా," అంది. అంతే. మళ్లీ వెళ్లి బియ్యం ఏరుకుంది. గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

పుష్యమాసం మొదట్లో వాణ్ణి నందిగామ తీసుకెళ్లాం. బొగ్గుతో నడిచే బస్సు. చిల్లకల్లు దాటేసరికి శేషగిరికి కడుపులో మెలిపెట్టింది. బస్సాపమని అడగడానికి సిగ్గుపడి చెమటలు కక్కుతున్నాడు. కండక్టరు వాడి మొహం చూసి ఏమీ అడగకుండా బస్సాపించి, బొగ్గు సర్దాలండి, ఒక్క ఘడియ అని అందరికీ చెప్పాడు. నందిగామ చేరేలోగా ఇంకో రెండుసార్లు బొగ్గు సర్దాడు. జనం గొణిగారు. ఆయన గరిట పట్టుకుని పొయ్యి కెలుకుతూ వాడు వచ్చేదాకా నిలబడ్డాడు. ఆ మనిషి పేరు నాకు తెలియదు.

డాక్టరు గారి వసారాలో రెండు బల్లలు. జనం నేలమీద కూడా ఉన్నారు. ఆ రోజుల్లో నైజాం సరిహద్దు అవతలి నుంచి గొడవలకు ఇళ్లు వదిలి వచ్చినవాళ్లు ఇంకా చాలామంది తిరిగి వెళ్లలేదు. వాళ్లలో ఒక ముసలామె ఒళ్లో జ్వరంతో ఉన్న మనవరాలిని పెట్టుకుని కూర్చుంది. శేషగిరి వణుకు చూసి తన దుప్పటి తీసి వాడి మీద కప్పింది.

"మీ పిల్లకు కావాలి కదమ్మా," అన్నాను.

"పిల్ల కాలుతనే ఉన్నది. దీనికెందుకు దుప్పటి? పోరడు వణుకుతుండు, కప్పుకోనియ్యి," అంది. ఏ జబ్బని అడగలేదు. చెప్పవలసి వస్తుందేమోనని నేను అంతసేపూ భయపడ్డాను.

మా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. నా మందు వేళ దాటిపోయింది. ప్రయాణం తొందరలో బరిణె ఇంట్లో మరిచాను. మొదట ఆవులింతలు వచ్చాయి. తర్వాత కళ్లవెంట నీళ్లు, ముక్కు కారడం, కాళ్లలోపల చీమలు పాకినట్టు. కొంగుతో తుడుచుకుంటూ బస్సు పొగ పడలేదని చెప్పుకున్నాను. లోపలికి పిలిచారు. డాక్టరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఇద్దరం ఒక్కసారే ఆవులించాం.

"మీ ఇద్దరిలో ఎవరిని చూడాలండి?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. "నాది మోకాళ్ల నొప్పికి వేసుకునే మందు బాబూ. పాతికేళ్లుగా మిరియమంత దాటలేదు."

"అబ్బాయిదీ మోకాలి నొప్పికే కదమ్మా," అన్నారాయన. ఎగతాళిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇంట్లో ఒకరు వేసుకుంటూ ఉంటే రెండోవాళ్లు మానలేరని, నేను మానితేనే వాడికి సర్టిఫికెట్టు రాస్తానని చెప్పారు. రెండు సీసాలు ఇచ్చారు. నల్లమందు కరిగించిన నీళ్లు. ఎవరి సీసా వాళ్లది. రోజుకు రెండు చెంచాలు తాగాలి, తాగినంత మంచినీళ్లు మళ్లీ అందులోనే పోయాలి. సీసా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, లోపల మందు రోజురోజుకూ పలచబడుతుంది. చివరకు మిగిలేది నీళ్లే. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఏదీ పారబోయనక్కర్లేదు.

ఇంట్లో ఉన్న మందంతా తెచ్చి కాంపౌండరుకు అప్పగించమన్నారు. మరుసటి వారం బరిణె తీసుకెళ్లి ఇచ్చాను. బరిణె ఇచ్చాను కానీ, అందులోది అంతా ఇవ్వలేదు. ముందురోజు సగం ముద్ద తీసి చింతపండు కుండలో అడుగుకు నొక్కేశాను. మూడేళ్ల నాటి చింతపండు, నల్లగా బంకలా ఉంటుంది. అందులో ఇదెక్కడో దేవుడికి కూడా తెలియదనుకున్నాను. పారెయ్యడం నాకు చేతకాదు. చిల్లుపడిన చాటను కూడా అటక మీద దాచే మనిషిని. ఎప్పుడైనా అవసరం పడుతుందని నా లెక్క. వాడికి కాదు, నాకు.

పుష్యమంతా మా ఇల్లు ఇల్లులా లేదు. ఒంట్లో ఏమైందో ఎక్కువ చెప్పను. కాళ్లు కొయ్యాలనిపించేంత లాగుడు. కడుపు నిలవదు. కప్పుకుంటే చెమట, తీస్తే చలి. తిండి వాసన గిట్టదు. అన్నిటికన్నా ఘోరం, మనసు. ఏ కారణమూ లేకుండా ఏడుపు వచ్చేది. నా కొడుకు పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవని నేను, గేదెకు కుడితి ఆలస్యమైందని ఏడ్చాను. పాతికేళ్లుగా ఏ దుఃఖాన్నీ పూర్తిగా పడలేదేమో, అన్నీ వరసపెట్టి వచ్చాయి.

వసారాలో ఆ చివర వాడి మంచం, ఈ చివర నాది. మధ్యలో రత్తమ్మ. గంజి, మజ్జిగ, వేణ్ణీళ్లు, పక్కబట్టలు. మా ఇద్దరి సీసాలు తన గదిలో పెట్టి తాళం చెవి మొలలో దోపుకుంది. వేళకు చెంచాతో తనే పోసేది. మందు వేళకు నేను, వాడు ఆమె నడక చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవాళ్లం. ఒకరోజు నేను ఇంకో అర చెంచా పొయ్యమని బతిమాలాను. కోడల్ని చేతులు పట్టుకుని బతిమాలాను. "రేపు పోస్తా అత్తయ్యా," అని తలుపు వేసుకుంది. ఆ తలుపు వెనక ఆమె ఏడ్వడం నాకు వినబడింది.

ఆ రోజుల్లో చింతపండు కుండ వైపు నాలుగుసార్లు వెళ్లాను. మూడుసార్లు రత్తమ్మ అక్కడే ఉంది. నాలుగోసారి ఎవరూ లేరు. మూత తీసి చెయ్యి పెట్టాను. ముద్ద వేలికి తగిలింది. అది ఉందని తెలియగానే ప్రాణం కుదుటపడింది. తియ్యలేదు. ఉందన్న ధైర్యంతోనే ఓర్చుకున్నాను. దాన్నే పట్టుదల అనుకున్నాను.

మాఘం వచ్చేసరికి శేషగిరి నాకన్నా ముందు తేరుకున్నాడు. కుర్రతనం. పెరుగన్నం అడిగి పెట్టించుకున్నాడు. పుస్తకాలు తీశాడు. ఒక పొద్దున పెరట్లో ఎవరూ చూడటం లేదనుకుని కూత పట్టి చూసుకున్నాడు. నాలుగడుగులకే ఊపిరి తెగింది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు. ఆట ఎటూ లేదని వాడికి తెలుసు. నేను కిటికీ పక్కకు తప్పుకున్నాను. వాడి కూత నేను విన్నది ఆ ఒక్కసారే.

డాక్టరు గారు వాణ్ణి చూసి సర్టిఫికెట్టు రాశారు. "మీ మాట నమ్మి రాస్తున్నానమ్మా," అన్నారు. నందిగామ కోర్టు దగ్గర ఒక ప్లీడరు గుమాస్తా నా తరఫున ఇంగ్లీషులో కాయితం రాసి, తెలుగులో చదివి వినిపించాడు. ఇంట్లో మత్తు పదార్థం ఏదీ లేదు, ఉండదు. విన్నాను. కుండ గుర్తొచ్చింది. అది వాడి కోసం కాదు కాబట్టి ఈ మాట అబద్ధం కాదు అని నాలో నేను వాదించుకుని, అక్షరం అక్షరం చేర్చి సంతకం పెట్టాను. చిన్నప్పుడు అబద్ధమాడితే వాడి చెంప పగలగొట్టినదాన్ని.

ఇక ఆ సాయంత్రం.

ప్రయాణానికి పులిహోర కలపాలని రత్తమ్మ కుండ దింపింది. చింతపండు తీయబోతే శేషగిరి తానే తీస్తానని కుండ లాక్కున్నాడట. అది ఆమెకు వింతగా తోచి, ఏమిట్రా అని అడిగింది. వాడు ముద్ద తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. మొదట రాసిన మాటలు అప్పటివి.

మరి నాది ప్రాణం కాదా అన్నాడు కదా. ఆ తర్వాత వాడి గొంతు మారింది.

"నాకు ఇది కనబడింది ఇవాళ కాదు నాయనమ్మా. ఐదు రోజులైంది."

నాకు అప్పుడు భయం వేసింది. "ముట్టుకున్నావా?"

వాడు ముద్దను తిప్పి చూపించాడు. ఒక పక్క గోటితో గిల్లిన గుంటలు ఉన్నాయి.

"మూడుసార్లు," అన్నాడు.

రత్తమ్మ గిన్నె కింద పెట్టి గోడకు చేరగిలబడింది. అంటే డాక్టరు గారి సర్టిఫికెట్టు కూడా చెల్లదన్నమాట. నా సంతకంతో పాటు అదీ పోయింది. వాడు జట్టువాళ్లకు ఇచ్చిన ఉండలూ నావే, మళ్లీ వాడి చేతికి దొరికిందీ నాదే.

వాడే మళ్లీ అన్నాడు. "చెప్పేశా కదా. దీన్ని ఇప్పుడే పొయ్యిలో పడేస్తా. కాలేజీకి పోయాక ముట్టుకోను."

"ఈ కుండలో దాచినప్పుడు నేనూ అలాగే అనుకున్నా," అన్నాను. "ఆ కాయితాలు ఇటివ్వు."

"ఎందుకు?"

"నేను పెట్టింది దొంగ సంతకం. మళ్లీ రాయాలి."

"రాస్తే నా ఏడాది పోద్ది. పేరు మీద మచ్చ పడ్డాక ఏ కాలేజీ వాళ్లూ మెట్టెక్కనివ్వరు. నువ్వు దాచావు, నేను పోగొట్టుకోవాలా?"

"ఇప్పుడు పోతే ఆ హాస్టల్లో నాలుగో రోజున ఎవరి దగ్గర చెయ్యి చాస్తావు?"

"అది నా సంగతి."

"నీ సంగతి నీ ఒక్కడిదే అయితే ఆ పిల్లాడు ఆట మధ్యలో ఎందుకు పడిపోయాడు?"

రత్తమ్మ లేచి కాయితాలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. కొడుకు వంక చూడలేదు.

దీపం దగ్గర కూర్చుని తెలుగులోనే రాశాను. నల్లమందు మా ఇంట్లో ఉంది. దాచింది నేను. కాలేజీకి పంపిందీ నేనే, వాడు బజారులో కొనలేదు. ముందు పెట్టిన సంతకం అబద్ధం. నాలుగు వాక్యాలకు చాలాసేపు పట్టింది. శేషగిరి గుమ్మంలో కూర్చుని పెట్టెకు కట్టిన తాడు విప్పుతూ, మళ్లీ కడుతూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున బస్సుకు ముగ్గురం నందిగామ వెళ్లాం. ముద్దను చింతపండు మరకలున్న గుడ్డలో కట్టి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను, పక్కన నా కాయితం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. శేషగిరి దగ్గర సర్టిఫికెట్టు వెనక్కి తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు. ఇంకో నెల చూడనిదే రాయలేనని చెప్పారు. అప్పటికి గడువు దాటుతుంది కదా అని అడిగాను. దాటుతుందన్నారు. ఉన్నది ఉన్నట్టు ప్రిన్సిపాలు గారికి తాను కూడా రాస్తానని, కానీ ఈ ఏడు పరీక్ష లేనట్టే అనుకోమని చెప్పారు. కాంపౌండరు శేషగిరికి కొత్త సీసా ఇచ్చాడు. మొదటి రోజు సీసాలాగే చిక్కగా ఉంది.

వసారాలో బల్ల మీద కూర్చున్నాం. వాడు నాకు దూరంగా బల్ల చివరకు జరిగాడు. రత్తమ్మ చెంచాతో వాడికి పోసింది, ఇంటినుంచి తెచ్చిన నా సీసాలోంచి నాకు పోసింది. నేను ముంతలో నీళ్లు తెచ్చి, తాగినంత కొలిచి, ముందు వాడి సీసాలో పోశాను. తర్వాత నా సీసాలో పోశాను.